ఠంగుమనే కార్డు

ప్రియమైన అక్కయ్యకు,

ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. ఒక్క నా పరువుకే కొన్నాళ్ళుగా ఒంట్లో బాగాలేదు.

బ్యాంకు వాళ్ళు నన్ను వద్దన్నారు. కంగారుపడకు, అప్పేమీ అడగలేదు. ఏళ్ళ తరబడి నా జేబులో ఉన్న క్రెడిట్ కార్డు తీసేసుకుని, దాని బదులు ప్రీమియం కార్డు, అంటే బహుమతులూ మర్యాదలూ ఎక్కువుండే పెద్ద కార్డు, ఇమ్మన్నాను. ఆ ఆలోచన కూడా నాది కాదు. "మీవంటి విలువైన ఖాతాదారు కోసం ప్రత్యేకంగా" అని వాళ్ళే నా ఫోనుకి సందేశం పంపారు. పిలిచారు కదా అని వెళ్ళి ఫారం నింపి వచ్చాను. ఇప్పుడు "మా అంతర్గత ప్రమాణాల మేరకు మీ అభ్యర్థనను అంగీకరించలేకపోతున్నాము" అని ఇంకో సందేశం. చేయి పట్టుకుని గుమ్మందాకా లాక్కొచ్చి మొహం మీద తలుపేసినట్టుంది. ఆ రెండు సందేశాలూ ఫోనులో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైది చదివి పొంగడం, కిందది చదివి కుంగడం, ఇదే ప్రస్తుతం నా వ్యాయామం.

ఇప్పుడున్న కార్డు ఘనత కూడా చెబుతాను విను. దాని మీద ఇన్నేళ్ళుగా పోగైన పాయింట్లన్నీ కలిపితే బహుమతిగా ఒక గొడుగొచ్చింది. అది తెరుచుకోదు. వాన లేని రోజుల్లో చేతికర్రగా వాడుకుంటున్నాను.

"ఈ వయసులో నీకెందుకురా పెద్ద కార్డు" అని నువ్వు అడుగుతావని తెలుసు. అడగకముందే చెబుతాను. మా అల్లుడికి అదుంది. నల్లగా, మిలమిలలాడుతూ, అచ్చంగా లోహంతో చేసింది. మేమందరం కలిసి ఎప్పుడు హోటలుకి వెళ్ళినా, భోజనమయ్యాక సర్వరు చిన్న స్టీలు పళ్ళెంలో బిల్లు తెచ్చి పెడతాడు. అల్లుడు ఆ కార్డు తీసి పళ్ళెంలో వేస్తాడు. ఠంగుమంటుంది. చుట్టుపక్కల బల్లల వాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. నేనూ నా కార్డు వేస్తాను. వేసినట్టు నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఎండుటాకు రాలినట్టు పడుతుంది. సర్వరు లోహం ఉన్నవైపే వంగుతాడు. అల్లుడు మంచివాడే, పొగరు లేదు. "మీరుండండి మామయ్యగారూ" అంటాడు, అంతే. అమ్మాయి పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉంటూనే ఉన్నాను అక్కయ్యా. ఎంతకాలమని ఉండను?

తమాషా ఏమిటంటే, బరువుకి ఉన్న మర్యాద నా వృత్తిలో నేను రోజూ చూసేదే. కళ్ళద్దాలకి తేలిక ఫ్రేమే సుఖమని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ మొత్తుకుంటాను. వింటారా? చేతిలో పెట్టుకుని బరువు చూసి, గోటితో కొట్టి చప్పుడు చూసి, ముక్కు మీద గుంటలు పడేదే కొనుక్కుపోతారు. వాళ్ళని చూసి నవ్విన పాపం ఇప్పుడు నాకు కార్డు రూపంలో చుట్టుకుంది.

వచ్చే నెల నీ మరదలికి అరవై నిండుతాయి. ఆ రోజు భోజనం నేను పెట్టాలి. నా పెళ్ళాం పుట్టినరోజు నాడు నా ఎదురుగా ఇంకొకడి కార్డు మోగకూడదు. నాకు కావలసింది అంతే.

ఫారంలో ఒక గడి ఉంది. ఇంట్లోవాళ్ళు కాకుండా నన్ను బాగా ఎరిగిన ఒకరి పేరు, ఫోను నంబరు రాయాలి. పురిట్లోనే నన్ను చూసినదానివి, నీకంటే ఎరిగినవాళ్ళెవరు? నీ పేరే రాశాను. ఫారం మొత్తంలో నేను ధైర్యంగా నింపిన గడి అదొక్కటే. అయినా కాదన్నారు. కారణమేమై ఉంటుందో నీ బుర్రకేమైనా తడితే రాయి. ఫోను చేస్తే నువ్వు తిడతావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

నీ తమ్ముడు,
విలువైన ఖాతాదారు

* * *

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఒంట్లో బాగాలేని నీ పరువుకి విడిగా ఆశీస్సులు.

ఫోను చేయనందుకు సంతోషం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఊరందరి మాటలూ ఈ చెవుల్లోంచే కలిపాను. మిగిలిన చెవులు నాకోసం దాచుకున్నానని మీ అందరికీ ఎప్పుడో చెప్పాను.

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. ఎవర్రా వాళ్ళు నిన్ను కాదనడానికి? నువ్వు కొట్టు తెరవని రోజుందా? ఒకరికి ఎగ్గొట్టావా, ఒకరి దగ్గర చేయి చాచావా? బ్యాంకు వాళ్ళెవరూ నాకు ఫోను చేయనే లేదు. ఒక్కసారి చేసి ఉంటే నీ గురించి చెప్పవలసిందంతా చెప్పేదాన్ని. అదీ వాళ్ళ నిర్వాకం, పేరు రాయించుకుంటారు, అడిగి కనుక్కోరు. నువ్వు సందేశాలు చదువుకుంటూ కూర్చోకుండా బ్యాంకుకి వెళ్ళి ఎదురుగా కూర్చో. కారణం చెప్పేదాకా లేవకు. తెరుచుకోని ఆ గొడుగు కూడా పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టు.

అల్లుడి విషయంలో మాత్రం నీది అతి. కుర్రవాడు ముచ్చటపడి కడుతుంటే కట్టనివ్వక, పళ్ళెంలో మోతలేమిటిరా? అయినా నీ పెళ్ళాం పుట్టినరోజు నీ ఖర్చుతో జరగాలన్నావు చూడు, అది నాకు నచ్చింది. నాన్న ఉంటే ఆయనకీ నచ్చేది.

నాన్నంటే గుర్తొచ్చింది. ఈమధ్య నీకు నేనొక మేలు చేశాను. చెప్పకూడదనుకున్నాను కానీ నువ్వు దిగులుగా ఉన్నావు కాబట్టి చెబుతున్నాను, కాస్త నవ్వుకుంటావు.

ఆ మధ్య ఒక మధ్యాహ్నం ఎవడో ఫోను చేశాడు, ఆగకుండా మోగిస్తుంటే ఎత్తాను. మెత్తటి గొంతు, మాటకి ముందొక మేడమ్, వెనకొక మేడమ్. తనెవరో చెప్పబోతుంటే, "అక్కర్లేదు, పనేమిటో చెప్పు" అన్నాను. ఫోనులో మనుషులు చెప్పుకునే పేర్లు నేనెప్పుడూ నమ్మను, గొంతునే నమ్ముతాను. "మీ తమ్ముడుగారి వ్యాపారం ఎలా ఉంటుంది మేడమ్, ఆదాయం ఏ మాత్రం?" అన్నాడు. అప్పుడే పసిగట్టాను. పన్నుల ఆఫీసువాడు. ఆ గొంతులు నాకు కొత్తా?

నాన్న సైకిలు కొట్టు గుర్తుందిగా. రిపేరుకొచ్చిన సైకిళ్ళు వీధిలోకి బారులు తీరి ఉన్నా, కొత్తవాడెవడైనా వచ్చి "వ్యాపారం ఎలా ఉందండీ" అంటే చాలు, ఆయన మొహం వాలిపోయేది. "ఏదో, గడుస్తోందండీ" అనేవాడు. నేనూ అదే ఎత్తుకున్నాను. కొట్టులో మనుషులకంటే ఈగలే ఎక్కువన్నాను. నీకే చూపు మందగించి, ఒకరి కళ్ళకి చేసిన అద్దాలు ఇంకొకరికి బిగించి పంపుతున్నావన్నాను. మరదలు బట్టలు కుడితేనే ఇల్లు నడుస్తోందన్నాను. అప్పటికీ వాడు పెట్టెయ్యకపోతే, నెలనెలా నేనే ఎంతో కొంత పంపి ఆదుకుంటున్నానని కూడా అన్నాను. "అయ్యో" అన్నాడు. గొంతులో నిజంగానే జాలి ఉంది. ఏదో టకటకా కొట్టుకున్న చప్పుడు వినిపించింది. ఇంక వాడు జన్మలో నీ జోలికి రాడు.

మరదల్ని అడిగానని చెప్పు.

ప్రేమతో,
అక్క

* * *

ప్రియమైన అక్కయ్యకు,

ప్రియమైన అనే మాట అలవాటు కొద్దీ రాశాను. ఈ ఉత్తరానికి అది వర్తిస్తుందో లేదో చివరికి చూద్దాం.

నువ్వు చెప్పినట్టే బ్యాంకుకి వెళ్ళాను. యంత్రం నోట్లోంచి చీటీ తీసుకుని, నా అంకె వెలిగేదాకా ఇనుప కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద ఒక బొమ్మ ఉంది. నెరిసిన జుట్టుతో నా ఈడు మనిషి, విమానాశ్రయంలో మెత్తటి కుర్చీలో కాళ్ళు చాపుకుని, చేతిలో పెద్ద కార్డుతో నన్నే చూసి నవ్వుతున్నాడు. వాడి ముక్కు మీద కళ్ళద్దాలు వంకరగా ఉన్నాయి. బొమ్మ తీసినవాళ్ళలో ఒక్కడికీ కనబడలేదు. ఇలాంటి వాళ్ళా నా విలువ కట్టేది అనుకున్నాను.

చివరికి నా వంతు వచ్చింది. బల్ల దగ్గరమ్మాయి మర్యాదస్తురాలే, కానీ కారణం చెప్పకూడదట. "సిస్టమ్‌లో అలా ఉందండీ" అంటుంది. ఆ సిస్టమ్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటాడో చెప్తే వెళ్ళి మాట్లాడతానన్నాను. నవ్వింది. నవ్వినప్పుడల్లా ఆమె కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతున్నాయి, ఆమె తోస్తోంది, మళ్ళీ జారుతున్నాయి. నాకు కోపం నిలవలేదు. అడిగి తీసుకుని, జేబులో ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవరుతో రెండువైపులా బిగించి ఇచ్చాను. పెట్టుకుని, నా మొహాన్ని మొదటిసారి సరిగా చూసినట్టు చూసింది. చుట్టూ చూసి గొంతు తగ్గించి, "మీ గురించి మీవాళ్ళు ఏం చెప్పారో ఒకసారి కనుక్కోండి సార్" అంది. వెంటనే తర్వాతి చీటీవాడిని పిలిచింది.

దారిపొడవునా ఆలోచించాను. నా వాళ్ళెవరబ్బా అని. పక్క కొట్టు మంగలిని అనుమానించాను, పాపం వాడు పొద్దున్నే నాకు ఉత్తినే గడ్డం చేశాడు. ఇంటికొచ్చేసరికి బల్ల మీద నీ ఉత్తరం ఉంది.

అక్కయ్యా, అది పన్నుల ఆఫీసు కాదు. బ్యాంకు.

నీ పేరు నేనే రాసిచ్చాను. ఆ సంగతి ఉత్తరంలో కూడా రాశాను. అది చదివి, "బ్యాంకు వాళ్ళెవరూ ఫోను చేయలేదు" అని ఒక పేజీలో రాసి, రెండో పేజీలో వాడితో మాట్లాడిందంతా పూసగుచ్చినట్టు రాశావు. నీకెలా సాధ్యమైంది? ఎక్స్‌ఛేంజిలో కూడా ఇలాగే కలిపేదానివా, ఒకరి ఫోను ఇంకొకరికి?

నా చూపు మందగించిందా? కళ్ళద్దాలు చేసేవాడి గురించి చెప్పవలసిన మాటేనా అది? వంటవాడికి రుచి తెలియదన్నట్టు. నెలనెలా నాకు డబ్బు పంపుతున్నావా? ఏ చిరునామాకి పంపుతున్నావో ఒకసారి సరిచూసుకో, ఇక్కడికైతే రావడం లేదు. నీ మరదలికి నీ ఉత్తరం చదివి వినిపించాను. బట్టలు కుట్టి ఇల్లు నడుపుతోందన్న దగ్గర కుట్టుమిషను ఆపి, "పోనీలెండి, ఆవిడొక్కరైనా గుర్తించారు" అంది. నా ఇంట్లో నా పక్షాన ఎవరూ లేరు.

నాన్న అలవాటు మొత్తం నువ్వే వాటా తీసుకున్నావు. నాకు రాలేదు. నన్నెవరేమడిగినా ఉన్నదున్నట్టే చెబుతాను.

మళ్ళీ అడగాలంటే ఆరు నెలలు ఆగాలట. పుట్టినరోజు రెండు వారాల్లో ఉంది. నువ్వు చేసిన మేలుకి చాలా సంతోషం. దయచేసి ఇంకేమీ చేయకు.

నీ తమ్ముడు,
ఈగలు తోలుకునేవాడు

* * *

ప్రియమైన తమ్ముడికి,

ఆలస్యంగా రాస్తున్నాను. ముందు నీ మీద కోపం తగ్గాలి, తర్వాత నా మీద కోపం తగ్గాలి, వరసలో జరిగేసరికి ఇన్ని రోజులు పట్టింది.

మొదట ఒక మాట. ఆ గొంతు పన్నుల గొంతే. ఆ మనిషి బ్యాంకులో పనిచేస్తే అది వాడి తప్పు.

ఇక జరిగింది చెబుతాను. ఏమీ చేయవద్దన్నావు కాబట్టి బ్యాంకుకి ఫోను చేశాను. ఎత్తగానే యంత్రం మాట్లాడింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మళ్ళీ మొదటికి రావాలంటే చుక్క నొక్కండి. మా కాలంలో ఫోనెత్తితే అవతల నోరున్న మనిషి ఉండేది, ఆ మనిషిని నేనే. యంత్రం నొక్కమన్నవన్నీ నొక్కి, నొక్కొద్దన్నవి కూడా నొక్కితే, విసిగిపోయి ఒక అమ్మాయికి కలిపింది. జలుబు చేసిన గొంతు. మంచి పిల్ల.

ఆ పిల్లకి నీ గురించి చెప్పాను. ఏం చెప్పానో అడగకు, రాయను. నెత్తికెక్కుతావు. ఒరేయ్, నువ్వు పుట్టినప్పట్నుంచీ నిన్ను ఎవరి దగ్గరా మెచ్చుకోలేదు నేను. మనవాళ్ళని మనం పొగడటమేమిటి, అది ఊళ్ళోవాళ్ళ పని అనుకుంటూ వచ్చాను. మొదలుపెట్టడమే కష్టమైంది. మొదలయ్యాక ఆపడం కష్టమైంది. ఆ పిల్లా ఆపమనలేదు. అరగంట పైన మాట్లాడాను. ఫోను పెట్టేసి చూసుకుంటే గొంతు పోయింది.

అంతా విని, ఒకసారి సిస్టమ్‌లో పడ్డది మార్చడానికి వీల్లేదు మేడమ్, తమ్ముడుగారు ఆరు నెలలు ఆగాల్సిందే అంది. ఆ పైన, "మరి మీ సంగతేమిటి మేడమ్?" అంది. ఈసారి నాన్న దారిలోకి పోకుండా జాగ్రత్తగా నిజమే చెప్పాను. పింఛను వాళ్ళ బ్యాంకులోనే ఠంచనుగా పడుతుంది, ఇల్లు సొంతం, ఖర్చుల్లేవు, నా దగ్గర ఎవరూ అప్పు అడగరు ఎందుకంటే ఫోనెత్తను. అంతే. మూడో నాటికి నల్ల కార్డు నా గుమ్మంలో ఉంది.

నవ్వకు. నీకిమ్మని పోరితే నాకిచ్చారు. విమానమెక్కని నాకు విమానాశ్రయంలో కుర్చీ ఇచ్చారు.

అయితే నా ఖాతా మీదే ఇంకొకరి పేరుతో రెండో కార్డు తీసుకోవచ్చట. తీసుకున్నాను. ఈ కవరులో ఉంది. అచ్చంగా లోహమే, కవరు తూచి ఇంకో స్టాంపు అంటించమన్నారు. దాని మీద నీ పేరే పొడిచి ఉంది, ఎవరికీ తేడా తెలియదు. బిల్లు మాత్రం నాకొస్తుంది. నువ్వు మొహమాటపడతావని తెలుసు. వాడుకుంటే వాడుకో, లేకపోతే కొట్టులో ఊగే బల్ల కాలికింద పెట్టుకో.

మోకాళ్ళ వల్ల నేను రాలేను. ఆ రోజు ఎలా జరిగిందో వివరంగా రాయి. నీ మామూలు ధోరణిలో గొడుగులూ బొమ్మలూ చుట్టిరాకుండా, తిన్నగా రాయి.

అక్క

* * *

ప్రియమైన అక్కయ్యకు,

తిన్నగానే రాస్తాను. హోటలు మొదటి అంతస్తులో, కిటికీ పక్క బల్ల. అమ్మాయీ అల్లుడూ మాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. నీ మరదలు తనే కుట్టుకున్న ముదురాకుపచ్చ జాకెట్టు వేసుకుంది. ఆ రంగు సంగతి చెప్పాలంటే... సరే, చెప్పను.

భోజనమంతా నాకు రుచి తెలియలేదు. ఒక చేయి జేబులో నీ కార్డు మీదే ఉంది. "చెయ్యేమైనా నొప్పా?" అని నీ మరదలు రెండుసార్లు అడిగింది. చివరికి బిల్లు వచ్చింది. అల్లుడు వేశాడు, ఠంగుమంది. నేను వేశాను. అక్కయ్యా, ఇంకా గట్టిగా ఠంగుమంది. అమ్మాయి నోరు తెరిచింది. పక్క బల్ల మీద ఎవరో చెంచా ఆపారు. అల్లుడు నా కార్డు వంక చూసి, నా వంక చూసి, తనది వెనక్కి తీసుకుని, "ఇవాళ మీదే మామయ్యగారూ" అన్నాడు. "ఎవరిది మోగితే నాకేం, టీ చల్లారిపోతోంది" అంది పుట్టినరోజు మనిషి.

సర్వరు పళ్ళెం పట్టుకుని బయలుదేరాడు. చేతులు కడుక్కునే వంకతో నేనూ వెనకే వెళ్ళి, డబ్బులు కట్టే చోట పట్టుకున్నాను. నీ కార్డు తీసేసుకుని నా పాతది ఇచ్చాను. అతను రెండింటినీ చూసి, "ఏది గీయమంటారు సార్?" అన్నాడు. "అది మోతకి, ఇది డబ్బుకి" అన్నాను. నా పెళ్ళాం అరవయ్యో పుట్టినరోజు నీ పింఛనుతో చేస్తాననుకున్నావా?

సంతకం పెట్టి తిరిగేసరికి అల్లుడు వెనక నిలబడి ఉన్నాడు. మొత్తం చూశాడు. పాత కార్డుని గుప్పిట్లో దాచుకున్నాను. అతను మాత్రం మెల్లిగా, "మీది ఎవరి ఖాతా మీద మామయ్యగారూ?" అని అడిగాడు.

"మా అక్కయ్య" అన్నాను.

"నాది మా అమ్మ" అన్నాడు.

వియ్యపురాలు పెద్ద బడిలో హెడ్మిస్ట్రెస్సుగా చేసి దిగిందని నీకు తెలుసుగా. ఆవిడ పింఛను మీద తీసుకున్న రెండో కార్డట అది. కార్డు ఆవిడది, నెల తిరిగేసరికి డబ్బు మాత్రం పువ్వుల్లో పెట్టి అల్లుడే ఇచ్చేస్తాడు. పెళ్ళయిన కొత్తలో తన పేరు మీదే అడిగాడట. ఇళ్ళ ప్లాన్లు గీసేవాడు కదా, ఒక నెల చేతినిండా పని, ఒక నెల ఖాళీ. అయినా ఇచ్చేవాళ్ళే, ఫారంలో తనని ఎరిగిన పెద్దమనిషిగా ఎవరి పేరు రాశాడో ఊహించు.

నా పేరు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది అక్కయ్యా. ఆ రోజుల్లోనే ఒకసారి కొట్టుకి ఫోనొచ్చింది. మెత్తటి గొంతు. మీ అల్లుడుగారి సంపాదన ఎలా ఉంటుందండీ అని. ఎవడో ఆరాలు తీసేవాడనుకుని, పని ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, ఏదో గడుస్తోందండీ అన్నాను. అని ఊరుకోలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ ఫోనువాడిని ఎంత తెలివిగా తప్పించానో అందరికీ చెప్పి నవ్వాను. అల్లుడు నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అతనూ నవ్వాడు.

"ఆ ఫోను బ్యాంకుదని ఆ రోజే అనుకున్నాను. అందుకే ఎక్కడికెళ్ళినా బిల్లు నేనే కట్టేవాడిని. గడుస్తోందని మీకు తెలియాలని" అన్నాడు.

అంటే ఇన్నాళ్ళూ నా చెవుల్లో మోగింది నేనన్న మాటే. నాన్న వాటా మొత్తం నీదేనని రాశాను చూడు, ఆ వాక్యం కొట్టేసుకో. బల్ల దగ్గరికి తిరిగి వచ్చాం. "ఇంతసేపు కడిగారా చేతులు?" అంది నీ మరదలు. ఇద్దరం నవ్వాం. ఎందుకో వాళ్ళకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నీ కార్డు ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. అనవసరంగా బరువు. నువ్వు ఆ జలుబు పిల్లతో అరగంట ఏం మాట్లాడావో అడగను. కానీ అది ఎలా మొదలుపెట్టాలో మాత్రం రాయి, నాకూ అవసరముంది. అల్లుడి చేత కిందటి వారం కొత్త ఫారం పెట్టించాను. నా పేరే రాయించాను.

అప్పట్నుంచీ కొట్టులో ఫోను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను అక్కయ్యా. చెప్పవలసిందంతా మనసులో సిద్ధంగా ఉంది. ఒక్కడూ చేయడం లేదు.

నీ తమ్ముడు